తలరాత – తలకాపు

మన భాషలో తలకున్నంత మర్యాద మఱి యే యవయవమునకును లేదు. మానము నిలుపుకొన్నవాడు తల యెత్తుకొని తిరుగును. మాట తప్పినవాడు తల వంచుకొనును. అనుభవశాలి తలపండినవాడు, ఊరికి వన్నె తెచ్చినవాడు తలమానికము, పెద్దల యాజ్ఞను తలదాల్చుట మన సంప్రదాయము. ఇన్ని విధముల తలను గౌరవించు జాతి రహదారిమీదికి వచ్చునప్పటికి ఆ తలకు ఒక కప్పైన నీయక దానిని రాతికిని, ఇనుమునకును, తారునకును అప్పగించుచున్నది. ఆపద సంభవించిన పిదప ‘తలరాత’ యని నిట్టూర్చుచున్నది. రాత యెట్టిదైనను తల మనది. దానిని కాపాడుకొను భారమును మనదే. ఈ చిన్న సత్యమును ఊరూర, ఇంటింట నాటవలసిన కాలము వచ్చినదని మా యభిప్రాయము.

విజయవాడనుండి మచిలీపట్టణమునకు పోవు జాతీయ రహదారిమీద ఉయ్యూరు ముఖ్యమైన మజిలీ. ఒకవైపు కంకిపాడు, పెనమలూరుల మీదుగా విజయవాడ. ఒకవైపు పామఱ్ఱు మీదుగా బందరు. తోట్లవల్లూరు దారియు, కాటూరు దారియు నిచ్చటికే చేరును. చెఱకు ట్రాక్టర్లు, ధాన్యపు లారీలు, బడి బస్సులు, పాల క్యానులు కట్టుకొని పోవు రైతులు, కళాశాలకు పోవు విద్యార్థులు, అందఱును ఈ త్రోవ నడుచువారే. నాలుగు బాటలుగా వెడల్పయిన దారి దూరమును తగ్గించినది, వేగమును పెంచినది. పల్లె డొంకనుండి పెద్దదారి యెక్కు మోటారు సైకిలు ఒక్క త్రుటిలో ఎడ్లబండ్ల కాలమునుండి లారీల కాలములోనికి దుముకుచున్నది. అట్లు దుముకువాని తల యెట్లున్నదో కూడలిలో ఒక గడియ నిలిచి చూచిన తెలియును. వాడుకలో హెల్మెట్టని పిలువబడు శిరస్త్రాణము బండి టాంకుమీద నుండును, మోచేతికి వ్రేలాడుచుండును, అద్దమునకు తగిలింపబడియుండును. తలమీద నుండుట యరుదు. దూరమున పోలీసు జవాను కనబడిన తోడనే అది తల కెక్కును. ఆయన వెనుకబడిన తోడనే దిగును.

ఇది చూచి నవ్వుకొనదగినది కాదు, సిగ్గుపడదగినది. పరుల దండమునకు వెఱచి నడుచుకొనుట దాస్య లక్షణము. తన మేలు తానెఱిగి తన్ను తాను నియమించుకొనుట స్వరాజ్య లక్షణము. రాజ్యము 1947లో మన చేతికి వచ్చినది. చట్టములు మనమెన్నుకొన్నవారు చేసినవే. వానిని ఇంకను పరాయి దొరల హుకుములవలె జూచి, తప్పించుకొను సందులు వెదకువాడు స్వతంత్రుడెట్లగును? 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ విభాగము, 2019 నాటి సవరణతో, నాలుగేండ్లు దాటిన ప్రతి వ్యక్తియు, బండి నడుపుచున్నను వెనుక కూర్చున్నను, శిరస్త్రాణము ధరింపవలెనని విధించుచున్నది. తప్పినవారికి 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలపాటు లైసెన్సునకు అనర్హత. ఈ నియమము సరిగా అమలు గాకుండుటను గూర్చి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024లో పోలీసు యంత్రాంగమును నిలదీసినది. అయినను జరిమానా భయము జవాను కంటిచూపు మేరకే పనిచేయును. జవాను ఉన్నచోటనే ప్రమాదము జరుగవలెనను నియమమేదియు లేదు గదా!

లెక్కలు చూడుడు. కేంద్ర రవాణా శాఖవారు ప్రకటించిన నివేదిక ప్రకారము 2022లో మన దేశపు రహదారులమీద 1,68,491 మంది మరణించిరి. అందు శిరస్త్రాణము లేక ద్విచక్ర వాహనములమీద పోవుచు మరణించినవారు 50,029 మంది. అనగా దినమునకు 137 మంది. ఒక యుద్ధములో ఇంతమంది కూలినచో దేశమంతయు అట్టుడికిపోవును. సభలు, సంతాపములు, స్మారక స్తంభములు వెలయును. రహదారిమీద ఒక్కొక్కరుగా కూలుటచేత ఒక పట్టణమెత్తు జనము ఏడాదిలో నశించినను మనకు చీమ కుట్టినట్లయినను లేదు. మన యాంధ్రప్రదేశములో 2022లోను, 2023లోను ఏటేట ఎనిమిది వేలకు పైబడి ప్రాణములు రహదారులకు బలియైనవి. చనిపోయినవారిని మాత్రమే ఈ లెక్క చెప్పుచున్నది. బ్రదికియు మాట పోయినవారు, జ్ఞాపకము పోయినవారు, కన్నబిడ్డను గుర్తింపలేనివారు ఈ పట్టికలో లేరు.

ఇంతకును మెదడునకు దెబ్బ యెట్లు తగులును? పుర్రె యను గట్టి బరణిలో, పలుచని ద్రవమున తేలుచు, సుమారు మూడు పౌండ్ల మెత్తని పదార్థముగా మెదడున్నది. వేగముగా పోవుచున్న మనిషి తల నేలకు తగిలినప్పుడు పుర్రె యాగును. లోపలి మెదడు ఆగదు. అది ముందునకు పోయి ఎముకకు కొట్టుకొనును, వెనుకకు తిరిగి మరల కొట్టుకొనును, మెలి తిరుగును. సన్నని నరముల పోగులు సాగి తెగును, రక్తనాళములు చిట్లును. ఎముక విఱిగిన అతుకును, చర్మము చీలిన మానును. తెగిపోయిన మెదడు పోగులు మాత్రము పూర్వమువలె అతుకుట దుర్లభము. శిరస్త్రాణము చేయు మేలు పైని గట్టి చిప్పవలన కంటె లోపలి దళసరి థర్మోకోలు పొరవలన నెక్కువ. అది తాను నలిగి, దెబ్బ వేగమును తాను మ్రింగి, తల ఆగు క్షణమును కొంచెము పొడిగించును. ఆ కొంచెములోనే ప్రాణమున్నది.

అందుచేతనే దారి ప్రక్కన కుప్ప పోసి అమ్ము చవుక టోపీ, క్రింద పట్టీ బిగింపని శిరస్త్రాణము, ఒకసారి గట్టి దెబ్బ తిని లోపల నలిగినది — ఇవి మూడును ఉండియు లేనివే. ఐ.ఎస్. 4151 అను ప్రమాణము ప్రకారము ఐ.ఎస్.ఐ. ముద్ర గల శిరస్త్రాణములే తయారు కావలెను, అమ్ముడు పోవలెను అను శాసనము 2021 జూన్ 1 నుండి అమలులో నున్నది. లక్ష రూపాయలు పెట్టి బండి కొని, తలకు నూటయేబది రూపాయల ప్లాస్టిక్కు చిప్ప బేరమాడువాని లెక్క మాకు బోధపడదు. వాడు బండి విలువ యెఱుగును. తల విలువ యెఱుగడు.

శిరస్త్రాణము పుట్టుకకు ఒక చరిత్ర కలదు. 1935 మే నెలలో ఇంగ్లాండున ‘అరేబియా లారెన్సు’ అని ప్రసిద్ధి కెక్కిన సేనాని మోటారు సైకిలుమీద పోవుచు, దారిలో సైకిళ్ళమీద నున్న ఇద్దఱు బాలురను తప్పింపబోయి పడెను. తలకు దెబ్బ తగిలి, స్మృతి రాకయే ఆఱవ దినమున మరణించెను. ఆయనను పరీక్షించిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను శస్త్రవైద్యు డొకడు. ఎడారి యుద్ధములో చావని వీరుడు పల్లెదారిలో చచ్చుట ఆయన మనసును కలచివైచినది. మోటారు సైకిళ్ళ ప్రమాదములలో తలకు తగులు గాయములను ఏండ్ల తరబడి పరిశీలించి, శిరస్త్రాణపు ఆవశ్యకతను 1941లో ఆయన ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము తన వార్తాహరులకు దానిని తప్పనిసరి చేసెను. వివిధ దేశముల పరిశోధనలను గ్రుచ్చియెత్తిన కాక్రేన్ సమీక్ష 2008లో తేల్చినదేమనగా, శిరస్త్రాణము మరణమును నూటికి 42 పాళ్ళు, తలగాయమును నూటికి 69 పాళ్ళు తగ్గించుచున్నది. ఈ లెక్కను పైని చెప్పిన 50,029 మందికి అన్వయించి చూచినచో, ఇరువది వేలమంది నేడు తమ యిండ్లలో నుండెడివారని ఊహింపవచ్చును.

ఇక మనవారు చెప్పు సాకులు. “ఎండ మండిపోవుచున్నది” అందురు. రోళ్ళు పగులు రోహిణీకార్తెలో కృష్ణాతీరపు ఎండ యెట్టిదో మే మెఱుగకపోలేదు. కాని వియత్నాము దేశము మన డెల్టావలెనే ఉక్కపోత దేశము, వరిపొలముల దేశము, ఇంటింట మోటారు సైకిళ్ళున్న దేశము. అచ్చట 2007 డిసెంబరు 15 నుండి అన్ని దారులమీదను, నడుపువారికిని వెనుక కూర్చుండువారికిని శిరస్త్రాణము తప్పనిసరి చేసిరి. కొలది కాలములోనే నూటికి తొంబదిమందికి పైగా ధరింపసాగిరి. వారి తలలు మన తలలకంటె చల్లనివా? “ఎంతలోనికో గాదు, పక్క వీథికే” అందురు. దూరము తక్కువయైనంత మాత్రమున నేల మెత్తబడదు. “వెండ్రుకలు రాలును” అందురు. వెండ్రుకలకై తలను పణము పెట్టుట వివేకమా?

చివరి సాకు ‘తలరాత’. దీనికి సమాధానము తెలుగువారందఱు ఎఱిగిన రెండు ఉదంతములలో కలదు. మన పామఱ్ఱు సమీపమున నున్న నిమ్మకూరులో పుట్టిన నందమూరి హరికృష్ణ గారు 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో కారు ప్రమాదమున తలకు తీవ్రగాయములై మరణించిరి. ఆయన సీటు బెల్టు ధరింపలేదని నాటి వార్తలు తెలిపినవి. సీటు బెల్టు కారులోని వారికి శిరస్త్రాణము వంటిదే. మనిషిని ఆసనమునకు పట్టి యుంచి, తల గాజుకును ఇనుమునకును తగులకుండ చేయును. రెండవది, 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో సినిమా నటుడు సాయిధరమ్ తేజ్ మోటారు సైకిలుమీదనుండి పడి స్మృతి కోల్పోయి ఆసుపత్రి పాలయిరి. ఆయన శిరస్త్రాణము ధరించి యుండిరి, బ్రదికిరి, మరల తమ వృత్తిలో నిలిచిరి, శిరస్త్రాణమే తన్ను కాపాడినదని బహిరంగముగా చెప్పుచున్నారు. ఈ రెండును నుదుటి వ్రాతలని త్రోసిపుచ్చుట సులభమే. కాని ఒక పట్టీ బిగించుటకు వలసిన రెండు క్షణములు బ్రహ్మ చేతిలో లేవు, మన చేతిలోనే యున్నవి.

ఒక విషయమును మా పాఠకులు మనస్సునకు పట్టించుకొనవలెనని కోరుచున్నాము. 2022లో శిరస్త్రాణము లేక మరణించిన 50,029 మందిలో వెనుక కూర్చుండినవారు 14,337 మంది. వీరెవరు? బండి మనది, చేయి మనది. వెనుక కూర్చున్నది మన యిల్లాలు, మన తల్లి, మన చెల్లెలు, మన బిడ్డ. భర్త జరిమానాకు వెఱచి తాను శిరస్త్రాణము పెట్టుకొనును. భార్య ఒకవైపుగా కూర్చుండి, ఒడిలో పసిబిడ్డను పెట్టుకొని, ఒక చేత కొంగును, ఒక చేత సంచిని పట్టుకొని యుండును. వేగమును తగ్గించు గట్టు తగిలినప్పుడు గాని, కొంగు చక్రములో చిక్కినప్పుడు గాని మొదట నేలకు తగులునది ఆమె తల. గృహలక్ష్మి యని నోట పొగడి, ఆమె తలకు ఎనిమిదివందల రూపాయలు వెచ్చింపలేమా? ఇంటిలో ఒక శిరస్త్రాణమున్నచో అది నియమపాలనము కాదు, జరిమానా తప్పించుకొనుట మాత్రమే. రెండున్నచో అది సంసారము. పసివారి విషయమునను 2023 ఫిబ్రవరి నుండి నియమములున్నవి: నాలుగేండ్లలోపు బిడ్డకు తగిన శిరస్త్రాణము, నడుపువానితో కలిపి కట్టు పట్టీ, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగము.

బాలురకు బండి యిచ్చు తండ్రులతో ఒక్కమాట. మీసము మొలవని కుమారుడు బండి నడిపిన ఘనకార్యముగా చెప్పుకొను వాడుక మన యూళ్ళలో ప్రబలినది. చట్టము దీనిని తండ్రి నేరముగా నెంచుచున్నది: 199ఎ విభాగము క్రింద మూడు సంవత్సరముల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా. కాని కారాగారమునకంటె కఠినమైన శిక్ష, మంచముమీద పలుకలేని కుమారునికి జీవితాంతము అన్నము తినిపించుట. ముద్దు చేయుట వేఱు, మృత్యువు చేతికి తాళపు చెవి యిచ్చుట వేఱు.

మెదడు గాయము రహదారిమీదనే పొంచి యుండదు. బెంగుళూరిలోని నిమ్హాన్సు వైద్యుల పరిశీలన ప్రకారము మెదడు గాయములలో సుమారు 60 పాళ్ళు రహదారులవలన గాగా, 20 నుండి 25 పాళ్ళు పడుటవలన కలుగుచున్నవి. మన సీమలో తాడిచెట్టెక్కు గీత కార్మికుడు, కొబ్బరికాయలు దింపువాడు, కట్టుచున్న యింటి పరంజాపై నిలుచు కూలి, పిట్టగోడ లేని మేడమీద గాలిపటమెగురవేయు బాలుడు, తడిసిన స్నానపు గదిలో జాఱు ముదుసలి — వీరందఱును ఈ యపాయపు టంచున నున్నవారే. తెలంగాణ ప్రభుత్వము 2024లో ‘కాటమయ్య రక్ష’ యను పేర గీత కార్మికులకు రక్షణ పరికరములను పంచ నారంభించినది. అట్టివి ప్రతి చెట్టెక్కువానికిని అందవలెను. వృద్ధుల విషయమున ఇంకొక మోసము కలదు. తలకు తగిలిన చిన్న దెబ్బ నాడు మఱపునకు వచ్చి, కొన్ని వారములకు తలనొప్పి, తొట్రుపాటు, మతిమఱపు పొడసూపును. ఇంటివారు వార్ధక్యమని ఊరకుందురు. లోపల మెల్లగా చేరిన రక్తము మెదడును నొక్కుచుండవచ్చును; వేళకు గుర్తించినచో శస్త్రచికిత్సచే పెక్కుమంది కోలుకొందురు.

దెబ్బ తగిలిన వెంటనే చేయవలసిన దేమి? ఇది ప్రతి పఠన మందిరమున గోడమీద వ్రాసి పెట్టదగినది. పడినవాడు లేచి కూర్చుండి, మాటాడి, కాఫీ త్రాగి, నాకేమియు కాలేదనుచున్నను నమ్మరాదు. పుర్రెకును మెదడు పొరకును నడుమ రక్తము మెల్లగా గూడుకట్టునప్పుడు మనిషి కొన్ని గంటలు తెలివిగా నుండి పిదప హఠాత్తుగా పడిపోవుట కలదు. వాంతులు, పెరుగుచున్న తలనొప్పి, అకారణపు మగత, పొంతన లేని మాటలు, మూర్ఛ, ఒక కాలో చేయో చచ్చుబడుట, చెవినుండి గాని ముక్కునుండి గాని నీరో నెత్తురో కారుట, కనుపాపలు రెండు సమముగా లేకుండుట — వీనిలో ఒక్కటి కనబడినను క్షణమాలస్యము చేయక స్కానింగు సౌకర్యము గల ఆసుపత్రికి చేర్పవలెను. మెడను వంపరాదు, ఆటోలో మడిచి కూర్చుండ బెట్టరాదు, స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డ నదిమి పట్టి, 108కి ఫోను చేయవలెను. ఆ 108 సేవ మన తెలుగునేలమీదనే 2005 ఆగస్టు 15న పుట్టి దేశమునకు మార్గదర్శియైనది.

“పోలీసు సాక్ష్యములలో చిక్కుకొందుము” అను భయమున గాయపడినవానిని చుట్టు మూగి చూచుచు నిలుచుట ఇంక వలదు. సహాయము చేసినవారిని వేధింపరాదని సుప్రీము కోర్టు 2016 మార్చి 30న శాసించినది. 2019 సవరణలోని 134ఎ విభాగము ఆ రక్షణను చట్టముగా చేసినది. రహదారి ప్రమాదమున గాయపడినవారికి గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఏడు దినములలోపు 1,50,000 రూపాయల వరకు ధనము చెల్లింపకయే వైద్యము జరుగు పథకమును కేంద్ర ప్రభుత్వము 2025 మే నెలలో ప్రకటించినది. ఈ సంగతులు ఎంతమందికి తెలియును? తెలియని హక్కు లేని హక్కే.

బ్రదికినవారి కుటుంబముల వేదన మఱియొకటి. నిన్నటి శాంతమూర్తి నేడు చీటికి మాటికి కోపించును. లెక్కలలో దిట్ట నేడు చిల్లర యెంచలేడు. పొరుగువారు ‘వాని గుణము మారినది’ అందురు. మారినది గుణము కాదు, గాయపడినది మెదడు. జోధపురపు గజసింగు మహారాజుగారి కుమారుడు 2005లో పోలో ఆటలో పడి తలకు తీవ్రగాయము నొందగా, ఆ తండ్రి తన దుఃఖమును తన యింటిలోనే దాచుకొనక, 2007లో ఇండియన్ హెడ్ ఇంజురీ ఫౌండేషన్ అను సంస్థను స్థాపించి, నివారణ ప్రబోధమునకును, గాయపడినవారి పునరావాసమునకును పూనుకొనెను. రాజుగారి బిడ్డకు దేశ విదేశముల వైద్యులు లభింతురు. ఉయ్యూరు కౌలు రైతు బిడ్డకు ఎవరు లభింతురు? అతనికి గాయము కాకుండ చూచుటయే అతనికి మనము చేయగల మొదటి వైద్యము.

భారమంతయు ప్రజలమీద నెట్టి ప్రభుత్వమును విడిచిపుచ్చుట మా యుద్దేశము కాదు. పల్లెదారులు రహదారిలో కలియు ప్రతిచోట దీపములు వెలుగవలెను. అడ్డదిడ్డపు మధ్య సందులు మూయబడవలెను. వేగపు గట్లకు తెల్లచారలు వేయవలెను. కాలువగట్ల వెంబడి రక్షణ గోడలుండవలెను. రాత్రులందు వెనుక దీపము లేని ట్రాక్టరు దారి యెక్కరాదు. త్రాగి నడుపువానిని పలుకుబడి చూచి విడువరాదు. తలగాయపు రోగికి మొదటి గంట అమూల్యము. బందరు దారి పొడవున ఆ గంటలోపల స్కానింగు, శస్త్రవైద్యుడు అందుబాటులో నుండునట్లు చూచుట పాలకుల విధి. జరిమానా వసూలు చేయునప్పుడు కనబడు శ్రద్ధ గుంట పూడ్చునప్పుడును కనబడవలెను. ప్రజలు తమ ధర్మమును నెఱవేర్చిననాడే ప్రభుత్వమును గట్టిగా అడుగ గలుగుదురు.

మఱి యీ ప్రబోధమును చేయువా రెవరు? మన సీమకు ఇది క్రొత్త పని కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూర గ్రంథాలయములను నెలకొల్పింప పాటుపడిరి. పాతూరి నాగభూషణము గారు 1935లో కృష్ణకు పడమటి డెల్టా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి పల్లెలకు చేరవేసిరి. జ్ఞానము జనుల యొద్దకు పోవలెను గాని జనులు జ్ఞానము యొద్దకు వచ్చువఱకు వేచియుండరాదని వారి మతము. ఆ మార్గమే నేడును శరణ్యము. ప్రతి గ్రంథాలయమును మార్చి 20వ తేదీని, అనగా ప్రపంచ తలగాయ నివారణ ప్రబోధ దినమును, ఒక వైద్యుని పిలిపించి సభ జరుపవలెను. చెఱకు రైతుల పేరు గూడ తనలో నిలుపుకొన్న ఉయ్యూరు సిద్ధార్థ కళాశాల విద్యార్థులు ద్వారమునొద్ద తామే కాపుండి, శిరస్త్రాణము లేని బండిని లోనికి రానీయకుందురు గాక. మాఘమాసపు వీరమ్మతల్లి తిరునాళ్ళకు వేలకొలది జనము వచ్చునప్పుడు స్వచ్ఛంద సేవకులు దారి మొగలలో నిలిచి, దండింపక, చేతులు జోడించి చెప్పుదురు గాక. బండి కొనువారికి శిరస్త్రాణము నీయవలెనని నియమమున్నది. వర్తకులు దానిని నెఱవేర్పక పంపరాదు, కొనువారు అడుగక రారాదు.

అన్నిటికంటె పెద్ద ప్రబోధకురాలు ఇంటి యిల్లాలు. బండి తాళము ఆమె చేతికి రావలెను. “శిరస్త్రాణము పెట్టుకొననిదే తాళమీయను” అని ఆమె యొక్క వారము పట్టుబట్టినచో, పదేండ్ల జరిమానాలు చేయలేని పని జరుగును. చెప్పులు లేక వీథిలోనికి పోవుటకు సిగ్గుపడు మనము తలకప్పు లేక పోవుటకును సిగ్గుపడు దినము రావలెను. ఆ సిగ్గు పుట్టిననాడు జవాను అక్కఱ తీఱును.

ఉయ్యూరు పౌరులారా! కృష్ణా సీమ సోదరులారా! పెద్దలు కాలువలు త్రవ్వి, చెఱకు నాటి, బడులు కట్టి ఈ నేలను మన కప్పగించిరి. దానిని ముందునకు నడుపవలసినవి మన బిడ్డల తలలు. ఆ తలలు తారుదారిమీద పగులుట చూచుచు తలరాతను నిందించు జాతికి తల యెత్తుకొను హక్కు లేదు. రేపు ఉదయము బండి కదలకముందు రెండు పట్టీలు బిగియవలెను: ఒకటి మనకు, ఒకటి మన వెనుక కూర్చున్నవారికి. ఎవరును చూడని చోటను బిగియవలెను. మన స్వరాజ్యము మన తలలమీద అట్లు నిలుచు గాక!